గోదావరికి రాని లాంచీ

1964లో వానలు వెనకపట్టిన రోజుల్లో నన్ను ఆదిలాబాదు జిల్లాలో, చెన్నూరు వైపు గోదావరి ఒడ్డున ఉన్న ఒక పంచాయతీ సమితికి ముఖ్యసేవికగా బదిలీ చేశారు. ఆ సమితి పేరు రాయను. ఆనాటి పెద్దమనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు గానీ వాళ్ల ఫోటోలు ఇంకా గోడల మీద ఉన్నాయి. ఫోటోలతో తగవు పెట్టుకునే ఓపిక నాకు లేదు.

సమితి ఆఫీసుకు పెద్ద, బ్లాకు అభివృద్ధి అధికారి. అందరూ బీడీవో అనేవారు. ఆయన కింద వ్యవసాయానికి ఒకరు, పశువులకు ఒకరు, సహకార సంఘాలకు ఒకరు, పంచాయతీలకు ఒకరు విస్తరణాధికారులుండేవారు. ముఖ్యసేవిక అంటే ఆడవాళ్ల కార్యక్రమాలు చూసే విస్తరణాధికారి. హోదా కాగితం మీద మిగతావాళ్లతో సమానమే. కుర్చీ మాత్రం తలుపు పక్కన, వచ్చేపోయే ప్రతివాడూ తగిలి వెళ్లేచోట. ఊళ్లలో మహిళా మండళ్లు పెట్టించడం, బాలవాడీలు చూడడం, పొగలేని పొయ్యిల గురించి చెప్పడం నా పని. పొగలేని పొయ్యి గురించి చెబుతూ నేను మింగిన పొగ ఇంతా అంతా కాదు.

నేను చేరిన కొద్దిరోజులకే పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. ప్రతి సమితీ తన ప్రాంతంలోని వృద్ధుల కోసం ఒక చిన్న పుస్తకం అచ్చువేయాలి. ముసలితనపు పింఛను ఎవరికొస్తుంది, దరఖాస్తు ఎవరికివ్వాలి, ఏ జబ్బుకు ఏ దవాఖానాకు పోవాలి, ఎలా పోవాలి, దారిలో ఎక్కడ దిగాలి, ఇవన్నీ అందులో ఉండాలి. నిజానికి మంచి ఆలోచన. మంచి ఆలోచన మా ఆఫీసు గడప దాటి లోపలికి వస్తే ఏమవుతుందో అప్పటికి నాకు పూర్తిగా తెలియదు. ఉత్తరువుతోపాటు నమూనాగా, సముద్రం వైపు జిల్లా ఒకటి అప్పటికే వేసుకున్న పుస్తకం ఒక ప్రతి పంపారు. ఎలా చేయవచ్చో చూడమని వాళ్ల ఉద్దేశం. మా ఆఫీసులో నమూనా అంటే చూసేది కాదు, దించేది.

ఒక సంఘం వేశారు. బీడీవో అధ్యక్షుడు. రచనా బాధ్యత పంచాయతీల విస్తరణాధికారి శేషాచారి గారిది. ఆయనకు కవిత్వం మీద మక్కువ. స్వాగతపత్రాలు, సన్మానపత్రాలు రాసి రాసి, మామూలుగా మంచినీళ్లడగడం కూడా మరిచిపోయిన మనిషి. నాకు 'వృద్ధ మహిళలు' అన్న ఒక్క పుట అప్పగించారు. అదీ ఆడమనిషిని పక్కన పెట్టారన్న మాట రాకుండా.

నేను ఊళ్లకు వెళ్లాను. అడగకుండా రాయడం నాకు చేతకాదు. ఒడ్డు పక్క ఒక పల్లెలో లచ్చవ్వ అనే ముసలామె ఇంటి ముందు కూర్చుని పెసలు చెరుగుతూ కనిపించింది. చేట్లో రాళ్లను చేత్తో తడిమి తీసేస్తోంది. రెండు కళ్లకూ పొర కమ్మింది. కొడుకు పోయాడు. కోడలు మల్లక్క కూలికిపోయి ఇద్దరినీ సాకుతోంది. పింఛను గురించి చెప్పబోతే లచ్చవ్వ నన్ను ఆపింది.

"పింఛను సంగతి తర్వాత జూద్దాం బిడ్డా. ముందుగాల నాకు కండ్లు గావాలె. గీ కండ్ల డాక్టరు ఏ ఊర్లుంటడు? ఎట్ల పోవాలె? పోతె ఆడ బువ్వెవలు వెడ్తరు? గిది జెప్పు, సాలు."

అదే పల్లెలో ఖాదర్ సాబ్ అని, నిజాం కాలంలో పోలీసు జవానుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి ఉండేవాడు. పుస్తకం వస్తుందంటే సంతోషించి, ఏ భాషలో అని అడిగాడు. తెలుగులో అన్నాను.

"మా జమానాల సదువంటె ఉర్దూయే గదమ్మా," అన్నాడు. "గా నాలుగక్షరాలు నేర్చిన ముసలోళ్లం ఉర్దూయే సదువుతం. తెలుగుల రాస్తె మనుమడు సదివి జెప్పాలె. వాడు బడికే పోడు."

తిరిగొచ్చి వాకబు చేశాను. తాలూకా దవాఖానాలో కంటి డాక్టరు లేడు. కార్తీకంలో కరీంనగర్‌లో ఒక ధర్మసంస్థ బడిలో కంటి శిబిరం పెడుతుందని తెలిసి వాళ్లకు జాబు రాస్తే బదులొచ్చింది: పొరలు తీస్తారు, రోగికీ తోడు వచ్చినవాళ్లకూ భోజనం పెడతారు. దారి కూడా కనుక్కున్నాను. మంచిర్యాల దాకా బస్సు, అక్కణ్నుంచి పెద్దపల్లికి రైలు, మళ్లీ బస్సు. ఇదంతా ఒకే కాగితం మీద పెద్ద అక్షరాలతో, లచ్చవ్వ అడిగిన వరసలో, ఆమె మాటల్లోనే రాశాను. వెనకవైపు ఉర్దూలో వేయిద్దామని సూచించాను.

శేషాచారి గారు ఆ కాగితాన్ని రెండువేళ్లతో పట్టుకుని చదివారు. 'ముసలోళ్లు' కొట్టేసి 'వయోవృద్ధులు' అన్నారు. 'కంటిపొర' కొట్టేసి 'నేత్రపటల వికారము' అన్నారు. 'బువ్వ' దగ్గరికొచ్చేసరికి ఆయనకు కలం పట్టుకోవడం కూడా కష్టమైంది. "ఇది ప్రభుత్వ ప్రచురణ తల్లీ, అంగట్లో అరుపు కాదు," అని మొత్తం కాగితం పక్కన పెట్టేశారు. ఉర్దూ మాట ఎత్తితే, ఆ రోజులు పోయాయి గదా అన్నారు. రోజులు పోయాయి నిజమే. ఆ రోజుల్లో చదువుకున్న ముసలివాళ్లు మాత్రం పోలేదు.

అచ్చు కరీంనగర్‌లో. సినిమా కరపత్రాలు వేసే ప్రెస్సు. ప్రూఫులు వచ్చినప్పుడు నా పుట చూసుకుందామని తీశాను. నా పుట లేదు. మొదట సమితి అధ్యక్షుడి ఫోటో. ఆయన్ని ఊరంతా దొర అనేది, ఆయనా అదే తన పేరన్నట్టు పలికేవాడు. తర్వాత ఆయన సందేశం. తర్వాత ఉపాధ్యక్షుడు, ఆయన సందేశం. బీడీవో, ఆయన సందేశం. ఆ తర్వాత దొర ఎవరో ముసలాయనకు కంబళి ఇస్తున్న ఫోటో. అందులో దొర నిండుగా ఉన్నాడు, కంబళి సగం ఉంది, ముసలాయన చేతులు మాత్రమే ఉన్నాయి. వృద్ధాప్యపు గొప్పతనం మీద శేషాచారి గారి పద్యాలు అయిదారు. పుస్తకం సగం ఇలా అయిపోయాక అసలు విషయం మొదలైంది. అది సముద్రం వైపు జిల్లా పుస్తకానికి అక్షరాలా నకలు. జిల్లా పేరు, తాలూకా పేరు మార్చారు. మిగతాది ముట్టుకోలేదు.

వైద్యం పుటలో ఈ వాక్యం ఉంది: 'నేత్రవైద్యము నిమిత్తము వచ్చు వయోవృద్ధులు ప్రతి మంగళవారము ఉదయము రేవునందు లాంచీ నెక్కి ఆసుపత్రికి చేరవచ్చును. సత్రమునందు భోజనము ఉచితము.'

అక్కడివాళ్లకు కాలువలున్నాయి, లాంచీలున్నాయి, సత్రాలున్నాయి. మాకు గోదావరి ఉంది. అందులో వానాకాలం వరద, ఎండాకాలం ఇసుక, మధ్యలో చేపలు పట్టుకునేవాళ్ల చిన్న పడవలు. లాంచీ అన్న వస్తువును ఆ ఒడ్డున ఎవరూ కంటితో చూసి ఎరగరు.

ప్రూఫు తీసుకుని బీడీవో దగ్గరికి వెళ్లాను. ఆయన నేను చెప్పింది మొత్తం విన్నాడు. వినడంలో ఆయనకు లోటు లేదు.

"నమూనా పైనుంచి వచ్చిందమ్మా," అన్నాడు. "పేర్లు మార్చుకోమన్నారు, మార్చాం. లాంచీ తీసేయమని అందులో ఎక్కడుందో చూపించండి."

"లాంచీ లేదండీ."

"గోదావరి ఉంది గదా," అన్నారు పక్కనున్న శేషాచారి గారు. "రేపో మాపో రావచ్చు."

ఇద్దరూ తృప్తిపడ్డారు. పుస్తకం అచ్చయింది. ఆవిష్కరణ సభకు జనం రావాలి గనక, ముందే ప్రతులు పంచి గ్రామసేవకుల చేత ఊళ్లలో చదివించారు. గ్రామసేవకుడంటే కొన్ని పల్లెలకు కలిపి సమితి తరఫున ఉండే ఉద్యోగి. చదవమంటే చదువుతాడు. చదివారు. సభను మంగళవారం పెట్టారు. ఆ రోజు మంచిది కాదని శేషాచారి గారు గొణిగారు గానీ, దొరకు ఆ రోజే వీలు.

సభ రోజు పొద్దున పందిట్లో కుర్చీలు సర్దుతుండగా ఒడ్డు పక్క గ్రామసేవకుడు సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ముసలోళ్లు ఒడ్డు మీద కూసున్నరు సార్. ఆ పల్లె ఈ పల్లె, అందరు కలిసి వచ్చిండ్రు. లాంచీ ఎప్పుడొస్తదని అడుగుతున్నరు."

బీడీవో ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే తేరుకున్నాడు. జిల్లా నుంచి పెద్ద అధికారి ముఖ్య అతిథిగా మధ్యాహ్నానికి వస్తున్నాడు. నన్ను పిలిచి, ఆడవాళ్లు చెబితే వింటారు, జీపు తీసుకుని వెళ్లి మెల్లిగా ఇళ్లకు పంపించేయమన్నాడు. ఏమని చెప్పమంటారని అడిగాను.

"లాంచీ చెడిపోయిందనండి."

లేని లాంచీని చెడగొట్టడం అంత తేలిక. నేను జీపెక్కాను.

ఒడ్డు మీద నాలుగైదు ఎడ్లబండ్లు విప్పి ఉన్నాయి. చలిగాలి నీళ్ల మీంచి కోస్తున్నట్టు వస్తోంది. ముసలివాళ్లు గొంగళ్లు కప్పుకుని, సద్దిమూటలు ఒళ్లో పెట్టుకుని నది వైపు తిరిగి వరసగా కూర్చున్నారు. వాళ్లలో సగం మందికి నది కనబడదు. చూపు లేనివాళ్లు చెవులు నది వైపు పెట్టి, మోటారు చప్పుడు కోసం వింటున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు, చప్పుడు తప్పిపోతుందేమోనని. నా ఉద్యోగంలో నేను చాలా చూశాను. అలాంటిది మళ్లీ చూడలేదు.

జీపు చప్పుడుకు ఒకాయన లేచి నిలబడ్డాడు. దుర్గయ్య అని, మందమర్రి బొగ్గుబావుల్లో పనిచేసి ఊరికి తిరిగొచ్చిన మనిషి. "అచ్చిందా?" అన్నాడు.

"రాలేదు. రాదు," అన్నాను. "ఇక్కడ లాంచీ లేదు. ఎప్పుడూ లేదు. వేరే జిల్లా పుస్తకం చూసి రాసుకున్నారు. తప్పు రాశారు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఖాదర్ సాబ్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. లచ్చవ్వ నవ్వలేదు.

"మబ్బుల్నే, కోడి కూయకముందే బయలెల్లినం," అంది. "కోడలు కూలి ఇడిసిపెట్టి బండి అడుక్కొచ్చింది. ఇన్నేండ్లల్ల సర్కారోళ్లు మమ్ముల ఎన్నడు పిల్వలే. గిప్పుడు పిల్సిండ్రనుకుంటి. మమ్ముల ఎక్కిరించనీకి పిల్సిండ్రా?"

మల్లక్క అత్త భుజం మీద చెయ్యి వేసి, పోదాం పా అంటోంది. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇన్ని పద్యాలు, ఇన్ని ఫోటోలు, ఇంత పందిరి వీళ్ల పేరు మీదే గదా. ఇంటికెందుకు పోవాలి?

"పుస్తకం మీ కోసం రాశారట. సభ కూడా మీ కోసమేనట. బండ్లు కట్టండి," అన్నాను.

నడవలేనివాళ్లను జీపులో ఎక్కించాను. మిగతావాళ్లు బండ్లలో వచ్చారు. మేం పందిరి చేరేసరికి ముఖ్య అతిథి అప్పుడే దండలు వేయించుకుంటున్నాడు. వేదిక ముందు పెద్దల కోసం పరిచిన జంపఖానా మీద ముసలివాళ్లందరినీ కూర్చోబెట్టాను. బీడీవో కళ్లతో నన్ను చంపేశాడు. ముఖ్య అతిథి మాత్రం మురిసిపోయాడు. ఇంతమంది వృద్ధులను ఎలా కూడగట్టారని దొరను అడిగాడు. దొర మీసం సవరించుకుని, మా మాట మీద వస్తరు సార్ అన్నాడు.

ఉపన్యాసాలయ్యాయి. మొదటి ప్రతి ఒక వృద్ధురాలికి ఇవ్వాలని ముఖ్య అతిథికి అక్కడికక్కడ తోచింది. ఎదురుగా ఉన్న లచ్చవ్వను పిలిచాడు. మల్లక్క చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించింది. ఫోటోగ్రాఫరు సర్దుకున్నాడు. లచ్చవ్వ పుస్తకం అందుకుని, అట్టను వేళ్లతో తడిమి, మైకు ఎక్కడుందో తెలియకపోయినా సరిగ్గా మైకు ముందే అడిగింది.

"బుక్కు నున్నగున్నది సారూ. లాంచీ ఎప్పుడొస్తది?"

"ఏ లాంచీ అమ్మా?"

"గీండ్ల రాసిన లాంచీ. మంగళారం నాడు కండ్ల దవాఖానకు తీస్కపోతదని మా సేవకుడు సదివిండు. పొద్దుగాల్నుంచి ఒడ్డు మీద కూసున్నం."

ముఖ్య అతిథి పుస్తకం తెరిచాడు. లాంచీ దగ్గరికి చేరడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అన్ని ఫోటోలు దాటాలి గదా. వాక్యం చదివి బీడీవో వైపు చూశాడు. బీడీవో శేషాచారి గారి వైపు చూశాడు. శేషాచారి గారికి ఆ రోజు తొలిసారి ఒక్క విశేషణమూ దొరకలేదు. అప్పుడు దొర లేచాడు.

"వస్తది సార్. ప్రపోజలు పంపినం. పైన మంజూరు గావాలె."

చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. లాంచీ మాట మరో అయిదు నిమిషాలు సాగితే దానికి ఎవరి పేరు పెట్టాలో కూడా తేల్చేసేవారు. ముఖ్య అతిథి ఊరటపడి, తానూ గట్టిగా సిఫారసు చేస్తానన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ప్రపోజలేమీ లేదండీ. అది వేరే జిల్లా లాంచీ. కరీంనగర్‌లో కంటి శిబిరం ఇంకా నడుస్తోంది. వీళ్లను ఇవాళ పంపిస్తే అందుకుంటారు."

ఖాదర్ సాబ్ కూర్చున్నచోటి నుంచే, "లాంచీ వద్దు సాబ్. రైలు టికెట్లిప్పియ్యుండ్రి, మేమే పోతం," అన్నాడు. వెనక నిలబడ్డ జనం గొల్లుమని నవ్వారు. ముఖ్య అతిథి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన అక్కడికక్కడే, కళ్ల జబ్బు ఉన్నవాళ్లందరినీ సమితి ఖర్చుతో ఇవాళే పంపాలని, ముఖ్యసేవిక వెంట వెళ్లాలని బీడీవోను ఆదేశించాడు. దీన్ని దయ అని చాలామంది అన్నారు. నేను దగ్గర్నుంచి చూశాను, అది నవ్వులపాలవుతానన్న భయం. ఆ రోజు మాకు పనికొచ్చింది అదే.

శిబిరంలో లచ్చవ్వ కుడికంటి పొర తీశారు. ఎడమకన్ను ఎప్పుడో పోయిందన్నారు. ఖాదర్ సాబ్ పొర ఇంకా ముదరలేదని, వచ్చే ఏడు రమ్మన్నారు. దుర్గయ్య కళ్లలోకి డాక్టరు లైటు వేసి రెండుసార్లు చూశాడు. అది పొర కాదు, కంటి నరం దెబ్బతింది, రెండేళ్ల కిందట తెచ్చినా ఏదో ఒకటి చేసేవాణ్ని అన్నాడు. దుర్గయ్య ఆ మాట విని, "ఎక్కడికి తేవాల్నో ఎవలన్న జెప్తె గదా సారూ," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపమంతా నాకే మిగిలింది.

కట్టు విప్పి, మందపాటి అద్దాలు పెట్టిన రోజు లచ్చవ్వ మొదట మల్లక్కను ఎగాదిగా చూసి, "గింత బక్కగైనవేందే?" అంది. తర్వాత సంచీలోంచి సభలో ఇచ్చిన పుస్తకం తీసి, పుటలు తిప్పి, గీళ్లెవలని ఒక్కొక్క ఫోటో చూపించి నన్ను అడిగింది. చెప్పాను. అన్నీ అయ్యాక పుస్తకం మూసి, "గీళ్లను సూడనీకైతె గా ఎడమకన్నే సాలు," అంది.

నేను తిరిగొచ్చేసరికి బల్ల మీద మెమో సిద్ధంగా ఉంది. సంజాయిషీ అడిగే కాగితాన్ని మెమో అంటారు. జీపును ఉత్తరువు లేని పనికి వాడినందుకు, బయటివారిని సభలోకి తెచ్చినందుకు, ప్రభుత్వ ప్రచురణను బహిరంగంగా కించపరిచినందుకు నామీద చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పాలి. వృద్ధుల పుస్తకపు సభకు వచ్చిన వృద్ధులు బయటివారని నాకు తెలియదని ఒక్క వాక్యం రాసి ఇచ్చాను. నెల తిరక్కుండా కరీంనగర్ జిల్లాకు, జమ్మికుంట వైపు బదిలీ చేశారు. బీడీవోకు ఆ తర్వాత పెద్ద పోస్టు వచ్చింది. ఆయన సేవల్లో ఆ పుస్తకాన్ని ప్రత్యేకంగా చెప్పారని విన్నాను.

అంతకంటే ముచ్చట ఏమిటంటే, మా పుస్తకాన్నే ఇతర సమితులకు నమూనాగా పంపారు. జమ్మికుంట వైపు నా కొత్త ఆఫీసుకూ ఒక ప్రతి చేరింది. లాంచీ క్షేమంగా ఉంది. అక్కడ చుట్టూ పత్తి చేలే, నది కూడా లేదు. ఈసారి సంఘం వేసేలోపే నేను ఒక్క కాగితం రాసి, ఒకవైపు తెలుగు, మరోవైపు ఉర్దూ వేయించి, పత్తి మార్కెట్టులో, అంగడి రోజున డప్పు కొట్టించి చదివించాను. అందులో ఉన్నవి నాలుగే విషయాలు. పింఛను దరఖాస్తు తీసుకునే చోటుకు, కళ్లు చూసే చోటుకు, రెండు దవాఖానాలకు నేనే బస్సులో వెళ్లి, రోగుల వరసలో నిలబడి, చూసొచ్చాక రాశాను.

ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా ఇలాంటి మార్గదర్శినులు చాలా వేయించాను. ఏ చిరునామా అయినా రాసే మనిషి ముందు అక్కడికి రోగి వెళ్లినట్టు వెళ్లి రావాలి, లేకపోతే ఆ వాక్యం అచ్చుకు పోకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. నా కింద పనిచేసినవాళ్లు దీన్ని చాదస్తమన్నారు. ఆ నియమం వల్ల పుస్తకాలు పలచబడ్డాయి. పలచటి పుస్తకంలో పెద్దల ఫోటోలకు చోటుండదు. అందుకే వాటిని అచ్చువేయడానికి నిధులు ఎప్పుడూ కష్టంగానే దొరికేవి.